కీమో మాత్ర ఇంటికొచ్చాక

కీమో అనగానే ఇప్పటికీ చాలామంది కళ్లముందు మెదిలేవి సెలైన్ బాటిల్, డే కేర్ వార్డులో మంచం. కానీ క్యాన్సర్ చికిత్సలో పెద్ద భాగమే ఇప్పుడు మాత్రల రూపంలో ఇంటికి వస్తోంది. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు కెపెసిటాబిన్, మెదడు కణితికి టెమోజోలమైడ్, దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు ఇమాటినిబ్, మైలోమాకు లెనలిడొమైడ్, ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గెఫిటినిబ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అబిరాటెరాన్. ఈ జాబితా ఏటా పెరుగుతోంది. శ్రీకాకుళం నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో మాటిమాటికీ బస్సెక్కే అవసరం తగ్గింది. నరం దొరకక చేతులు గుచ్చించుకునే బాధ తప్పింది. ఇది నిజంగా మంచి మార్పే.

అయితే ఈ సౌకర్యంతోపాటు ఒక బాధ్యత చేతులు మారింది. వార్డులో కీమో ఎక్కించేముందు నర్సు రక్తపరీక్ష రిపోర్టు చూస్తుంది, బరువు చూస్తుంది, జ్వరం వచ్చిందా, విరేచనాలయ్యాయా అని అడుగుతుంది. తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పి, ఆయన సరేనన్నాకే మందు ఎక్కిస్తుంది. ఇంట్లో పొద్దునా రాత్రీ మాత్ర మింగేటప్పుడు ఈ ప్రశ్నలు అడిగే మనిషి లేరు. ఆ పని రోగి, ఇంట్లోవాళ్లు చేసుకోవాలి. అందుకు వాళ్లను సిద్ధం చేసి పంపుతున్నామా అన్నదే అసలు ప్రశ్న. ఇన్నేళ్ల పరిశోధన చూస్తే ఒక మాట గట్టిగా చెప్పొచ్చు: మాత్ర మరిచిపోవడం ఎంత ప్రమాదమో, బాధను దాచిపెట్టి మాత్రలు మింగుతూ పోవడమూ అంతే ప్రమాదం.

మన గడ్డతో ముడిపడిన చరిత్ర

ఈ చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులను తయారుచేసింది. అందులో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. అమినాప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ లుకేమియా పిల్లలు మాత్రగా వేసుకుంటున్నారు.

2001లో ఇమాటినిబ్ వచ్చాక కథ మలుపు తిరిగింది. ఒకప్పుడు కొన్నేళ్లలో ప్రాణం తీసే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోజుకో మాత్రతో అదుపులో ఉండే జబ్బయింది. ధర మాత్రం సామాన్యుడికి అందలేదు. 2012లో సొరాఫెనిబ్ అనే మాత్రకు మన దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు (పేటెంటు ఉన్నా వేరే కంపెనీ తయారుచేసే అనుమతి) ఇచ్చారు. నెలకు 2,80,000 రూపాయలు దాటిన మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో 8,880 రూపాయలకు అమ్మేందుకు దారి దొరికింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇమాటినిబ్ బ్రాండయిన గ్లివెక్ పేటెంటును తోసిపుచ్చడంతో దాని జెనరిక్‌లకు అడ్డు తొలగింది. మందు ఇంటికి చేరే దారి అలా సుగమమైంది. ఇంటికి చేరిన మందును జాగ్రత్తగా వాడించే ఏర్పాటు మాత్రం ఆ వేగంతో ఎదగలేదు.

ఎన్ని, ఎప్పుడు, ఏం తిని

మాత్రగా వచ్చే క్యాన్సర్ మందులన్నీ ఒక జాతివి కావు. కెపెసిటాబిన్, టెమోజోలమైడ్, మెథోట్రెక్సేట్ లాంటివి అసలు సిసలు కీమో. వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. ఇమాటినిబ్, గెఫిటినిబ్ లాంటివి టార్గెటెడ్ మాత్రలు. క్యాన్సర్ కణంలోని ఒక ప్రత్యేక ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. అబిరాటెరాన్, లెట్రోజోల్ లాంటివి హార్మోన్ల మీద పనిచేస్తాయి. ఒకదాని నియమం మరొకదానికి వర్తించదు. పక్కింటివాళ్లు ఇలా వేసుకున్నారట అన్న సలహా ఇక్కడ పనికిరాదు.

కెపెసిటాబిన్‌నే దగ్గరగా చూద్దాం. మోతాదును ఎత్తు, బరువులను బట్టి వచ్చే శరీర ఉపరితలంతో లెక్కకడతారు. 1.5 చదరపు మీటర్ల మనిషికి చదరపు మీటరుకు 1,000 మి.గ్రా. చొప్పున ఇస్తే పూటకు 1,500 మి.గ్రా., అంటే 500 మి.గ్రా. మాత్రలు పొద్దున మూడు, రాత్రి మూడు. తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి. 14 రోజులు వాడాక 7 రోజులు గ్యాప్. సైకిల్‌కు మొత్తం 84 మాత్రలు. ఇందులో తడబడే చోట్లు చాలా ఉన్నాయి. గ్యాప్‌లో మాత్రలు మిగిలాయని కొనసాగించేవాళ్లున్నారు. 500, 150 మి.గ్రా. మాత్రలు కలిపి రాస్తే ఏది ఎన్నో తికమకపడేవాళ్లున్నారు. గోడమీది తెలుగు క్యాలెండర్‌లో మొదలుపెట్టే రోజు, ఆపే రోజు, మళ్లీ రక్తపరీక్ష రోజు సున్నాలు చుట్టి, వేసుకున్న పూటకల్లా టిక్కు పెట్టుకుంటే ఈ పొరపాట్లు చాలావరకు తప్పుతాయి.

మెథోట్రెక్సేట్ విషయంలో పొరపాటు ప్రాణాంతకం. లుకేమియా పిల్లలకు నిర్వహణ చికిత్సలో దీన్ని వారానికి ఒక్కరోజు ఇస్తారు. తోడుగా మెర్కాప్టోప్యూరిన్ రోజూ ఇస్తారు. ఈ రెండూ తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ వేసినందువల్ల మరణాలు సంభవించినట్టు ఎన్నో దేశాల్లో నమోదైంది. చీటీ మీద వారానికి ఒకసారి అని రాస్తే సరిపోదు. ఏ వారమో, ఉదాహరణకు మంగళవారం అని పేరుపెట్టి రాయించుకోవాలి.

ఇక తిండి. కెపెసిటాబిన్, ఇమాటినిబ్ తిన్నాక వేసుకోవాలి. లపాటినిబ్, ఎర్లోటినిబ్, పజోపనిబ్, నిలోటినిబ్ పరగడుపున. టెమోజోలమైడ్‌ను వాంతుల మాత్ర ముందు వేసుకుని, ఖాళీ కడుపుతో రాత్రి పడుకోబోయేముందు వేసుకుంటే వికారం తక్కువ. అబిరాటెరాన్‌ను తిండితో వేసుకుంటే రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీన్నే అవకాశంగా తీసుకుని, కొవ్వు తక్కువున్న అల్పాహారంతో 250 మి.గ్రా. ఇస్తే పరగడుపున 1,000 మి.గ్రా. ఇచ్చినట్టే పనిచేస్తుందని 2018లో 72 మందితో జరిగిన ఒక పరీక్ష సూచించింది. ఖర్చు తగ్గించే దారి ఇది. కానీ ఆ నిర్ణయం డాక్టరుది. ఇంట్లో సొంతంగా చేసే ప్రయోగం కాదు.

మన ఇళ్లలో ఉపవాసాలు ఈ లెక్కను తప్పిస్తాయి. శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారాలు, ఏకాదశి, రంజాన్ రోజాలు వచ్చినప్పుడు మాత్ర వేళ మారుతుంది, లేదా ఖాళీ కడుపున పడుతుంది. నీళ్లు తక్కువ తాగితే విరేచనాల నష్టం రెట్టింపవుతుంది. ఉపవాసం ఉండాలనుకుంటే సైకిల్ మొదలుకాకముందే డాక్టరుతో మాట్లాడాలి. చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మాత్ర మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు. మింగాక వాంతి అయినా మళ్లీ వేసుకోకుండా తర్వాతి వేళకు మామూలు మోతాదు వేసుకోవడమే చాలా మాత్రలకు నియమం. ఏ పూట తప్పిందో రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి.

తప్పిపోయే మాత్రలు, దాచుకునే బాధలు

ఆస్పత్రిలో ఎక్కించే మందు తప్పిపోతే రికార్డులో కనిపిస్తుంది. ఇంట్లో తప్పిపోయే మాత్ర ఎవరికీ కనిపించదు. బెల్జియంలో 169 మంది ఇమాటినిబ్ రోగులను పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో, రాసిచ్చిన మాత్రలన్నీ కచ్చితంగా వేసుకున్నవాళ్లు 14 శాతమే. మరుసటి ఏడాది లండన్ పరిశోధకులు 87 మందికి, మూత తీసిన ప్రతిసారీ నమోదుచేసే సీసాలిచ్చి చూశారు. 90 శాతానికి మించి వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు జబ్బు గణనీయంగా అదుపులోకి వచ్చే అవకాశం 94.5 శాతం. అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో అది 28.4 శాతం. నెలకు మూడు మాత్రలు వదిలేస్తే పోయేదేముందిలే అనుకునేవాళ్లకు ఈ అంకెలే జవాబు.

మానడానికి కారణం నిర్లక్ష్యమే అనుకుంటే పొరపాటు. కళ్లకింద వాపు, కాళ్లు కొంకర్లు పోవడం, అలసట ఏళ్ల తరబడి వేధిస్తాయి. జబ్బు తగ్గిందిగా అనిపిస్తుంది. జేబు ఖాళీ అవుతుంది. ఊళ్లో మందు దొరకదు. ఒక్కో కారణానికి ఒక్కో పరిష్కారం కావాలి. మాత్రలు సరిగ్గా వేసుకోండి అన్న మందలింపు వాటిలో దేనికీ పనికిరాదు.

దీనికి రెండోవైపు గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. చెబితే డాక్టరు మందు ఆపేస్తారేమో, ఆపితే జబ్బు పెరుగుతుందేమో అన్న భయంతో నీళ్ల విరేచనాలవుతున్నా, అరికాళ్లు బొబ్బలెక్కినా పళ్లబిగువున మింగేవాళ్లు చాలామంది. దీన్ని ధైర్యమనీ ఓర్పనీ ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కూడా. నిజానికి కీమో మాత్రల మోతాదు మొదటి రోజే శాశ్వతంగా ఖాయమైపోదు. బాధను బట్టి కొన్నాళ్లు ఆపడం, తగ్గించి మళ్లీ మొదలుపెట్టడం చికిత్స ప్రణాళికలోనే ఉన్నాయి. సమయానికి రెండు రోజులు ఆపితే సర్దుకునే బాధ, వారం దాచిపెడితే ఐసీయూకు చేరుస్తుంది.

మందుల డబ్బాలో తగాదాలు

యాభై దాటిన మనిషి ఉన్న ఇంట్లో మందుల డబ్బాలో బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలతోపాటు పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర తప్పనిసరిగా ఉంటుంది. పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ లాంటి ఈ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఎర్లోటినిబ్, గెఫిటినిబ్, డాసాటినిబ్ ఒంటికి పట్టాలంటే ఆ ఆమ్లం కావాలి. అంటే చవకైన గ్యాస్ మాత్ర ఖరీదైన క్యాన్సర్ మాత్రను సరిగ్గా పనిచేయనివ్వదు. కెపెసిటాబిన్ విషయంలో మాత్రం గ్యాస్ మాత్ర వల్ల ఫలితం తగ్గుతుందా లేదా అన్నదానిపై అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. అవసరం లేకపోతే మానడమే మేలు.

ఇంకొన్ని జంటలు మరీ ప్రమాదం. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇమాటినిబ్ మోతాదును రక్తంలో సుమారు నాలుగో వంతుకు పడేస్తుంది. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇలాంటి మాత్రల మోతాదును రక్తంలో పెంచేస్తాయి. యూరిక్ యాసిడ్ మాత్ర అల్లోప్యూరినాల్‌ను మెర్కాప్టోప్యూరిన్‌తో కలిపితే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వాడేవాళ్లకు కెపెసిటాబిన్ మొదలుపెడితే రక్తస్రావం ముప్పు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువున్న బలం మాత్రలు కెపెసిటాబిన్ దుష్ప్రభావాలను పెంచుతాయి. పంపరపనస జాతి పండ్ల రసం ఎన్నో టార్గెటెడ్ మాత్రల లెక్క తప్పిస్తుంది. బొప్పాయి ఆకు రసం, పసరు మందులు, కషాయాలు అన్నిటిలో ఏమేం ఉంటాయో, కాలేయం మీద ఏం చేస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే మొదటిసారి మాత్రలు తెచ్చుకునే రోజునే ఇంట్లోని డబ్బా మొత్తం, పసరు సీసాతో సహా, డాక్టరు ముందో ఫార్మసిస్టు ముందో పెట్టాలి.

ఏ బాధకు ఏం చేయాలి

అన్నిటికన్నా ముందు జ్వరం. కీమో వల్ల తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే చీము, వాపు లాంటి గుర్తులు కూడా కనిపించకపోవచ్చు. జ్వరం ఒక్కటే హెచ్చరిక. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే పగలైనా రాత్రైనా ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరాలి. చాలా ఇళ్లలో జరిగేది వేరు. డోలో వేసి చూద్దామనుకుంటారు. చెమటపట్టి జ్వరం దిగుతుంది. రాత్రికి మళ్లీ వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయిస్తారు. తెల్లారేసరికి బీపీ పడిపోతుంది. ఆ డోలో జ్వరాన్ని దాచింది గానీ ఇన్ఫెక్షన్‌ను ఆపలేదు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు వేసే సూది వల్ల లోపల రక్తస్రావమై గడ్డలా పేరుకోవచ్చు. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: కీమో మాత్రలు వాడుతున్నాం.

రెండోది విరేచనాలు. కెపెసిటాబిన్, లపాటినిబ్ వాడేవాళ్లలో ఇవి ఎక్కువ. రోజూ అయ్యేదానికన్నా రెండు మూడుసార్లు ఎక్కువైతే ఓఆర్‌ఎస్, గంజి, పలచని మజ్జిగ తాగుతూ, డాక్టరు ముందే చెప్పిన పద్ధతిలో లోపెరమైడ్ వాడొచ్చు. నాలుగుసార్లు గానీ అంతకు మించి గానీ ఎక్కువైనా, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చినా కెపెసిటాబిన్ ఆపి వెంటనే ఫోన్ చేయాలి. రక్తం పడినా, జ్వరం తోడైనా ఆస్పత్రికే. కొద్దిమందిలో ఈ మందును విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మొదటి సైకిల్‌లోనే తీవ్రమైన విరేచనాలు, నోటిపూత, రక్తకణాల పతనం వస్తాయి. ఐరోపా మందుల సంస్థ 2020లో ఈ లోపానికి ముందే పరీక్ష చేయమని సూచించింది. మన దగ్గర ఆ పరీక్ష ఇంకా మామూలు కాలేదు. కాబట్టి మొదటి సైకిల్‌లో కళ్లు మరింత తెరిచి ఉంచాలి.

మూడోది అరచేతులు, అరికాళ్లు మంటలెక్కడం. కెపెసిటాబిన్ వాడేవాళ్లకు మొదట తిమ్మిరి, తర్వాత ఎరుపు, ఆపైన పొట్టు లేచి పగుళ్లు. చపాతీ కర్ర పట్టుకోలేరు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. దీనిపై ఇటీవలి గొప్ప వార్త మన దేశంనుంచే వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 264 మందితో చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో, 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండుసార్లు రాసుకున్నవాళ్లలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన బాధ 3.8 శాతానికే పరిమితమైంది. ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో అది 15 శాతం. ఏ మెడికల్ షాపులోనైనా దొరికే నొప్పుల జెల్ ఇది. దశాబ్దాలుగా రాస్తున్న బి6 మాత్రలు ఈ బాధను నివారిస్తాయని పరీక్షల్లో తేలలేదు. యూరియా ఉన్న క్రీము ఉపయోగపడుతుంది. గోరింటాకు ఉపశమనమిస్తుందని చిన్న నివేదికలున్నాయి గానీ అవి రుజువు కావు. బజారు కోన్లలోని రసాయనాలు పుండ్లను రేపుతాయి. వేడినీళ్లు, బిగుతు చెప్పులు, ఉత్తకాళ్ల నడక, చేత్తో గిన్నెలు తోమడం మానాలి. నొప్పి పుట్టి పనులకు అడ్డొస్తే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పే దశ వచ్చినట్టే.

నోటిపూతకు లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. మెత్తటి బ్రష్ వాడాలి. కొన్నాళ్లు ఆవకాయను పక్కనపెట్టి పెరుగన్నం, చల్లారిన రాగిజావ తీసుకోవాలి. నీళ్లు కూడా మింగలేకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. పచ్చివన్నీ మానేయాలన్న కఠిన పథ్యం ఇన్ఫెక్షన్లను తగ్గించినట్టు పరీక్షల్లో కనబడలేదు. కడుక్కుని, వేడిగా వండుకుని, నిల్వ కూర తినకుండా ఉంటే చాలు. రోగిని పథ్యం పేరుతో పస్తుపెట్టడం బలాన్ని తీసేస్తుంది.

కెపెసిటాబిన్ వాడుతుండగా ఛాతీ నొప్పి వస్తే అది గ్యాస్ అనుకోకూడదు. ఈ మందు గుండె రక్తనాళాలను బిగుసుకునేలా చేయగలదు. మాత్ర ఆపి నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. లెనలిడొమైడ్ వాడేవాళ్లలో ఒక కాలి పిక్క వాచినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. గెఫిటినిబ్ వాడేవాళ్లలో కొత్తగా పొడిదగ్గు, ఆయాసం మొదలైతే ఊపిరితిత్తుల వాపు కావొచ్చు. సొరాఫెనిబ్, సునిటినిబ్ వాడేవాళ్లు బీపీ చూసుకుంటూ ఉండాలి.

ఇంట్లో మిగతావాళ్లు

మాత్రను విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు. మింగలేకపోతే వేరే దారి డాక్టరును అడగాలి. అందించేవాళ్లు గ్లౌజు వేసుకోవాలి, లేదా మాత్రను మూతలోకి తీసి ఇచ్చి తర్వాత చేతులు కడుక్కోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిని ముట్టుకోకూడదు. స్ట్రిప్పును అందరి డబ్బాలో కలపకుండా, పిల్లలకు అందనిచోట విడిగా ఉంచాలి. మన వేసవిలో పొయ్యి పక్కన, బండి డిక్కీలో మందు పాడవుతుంది. మెల్ఫలాన్, క్లోరాంబుసిల్ లాంటి కొన్నిటిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టాలి. మాత్రలు వాడే రోజుల్లోనూ, ఆపాక 48 గంటలపాటూ మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వాడి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు పోయాలి. మిగిలిన మాత్రలను చెత్తబుట్టలో వేయకుండా, ఇంకొకరికి ఇవ్వకుండా ఆస్పత్రిలో తిరిగి ఇచ్చేయాలి.

ఫోన్ ఎత్తే మనిషి

ఇన్ని జాగ్రత్తలు ఒక కుటుంబం ఒంటరిగా మోయాలా? మోయనక్కర్లేదని రుజువులున్నాయి. బ్రిటన్‌లో కెపెసిటాబిన్ వాడే 164 మందితో 2009లో ప్రచురితమైన పరీక్షలో, నర్సు ఇంటికి వచ్చి, వారం వారం ఫోన్ చేసి కనుక్కున్నవాళ్లలో నోటిపూత, విరేచనాలు తగ్గాయి. జర్మనీలో 202 మందితో జరిగిన అంబోరా పరీక్షలో ఫార్మసీ నిపుణులు మాత్రలను సమీక్షించి, రోగులతో మాట్లాడారు. తీవ్ర దుష్ప్రభావాలు, మందు మానేయడం, హఠాత్తుగా ఆస్పత్రిలో చేరడం, మరణం అన్నీ కలిపి చూస్తే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. న్యూయార్క్‌లో కీమో తీసుకునే 766 మందిపై 2017లో వెలువడిన ఫలితం మరీ ఆలోచింపజేసేది. తమ బాధలను క్రమం తప్పకుండా నమోదుచేస్తూ, తీవ్రమైతే నర్సుకు కబురందే ఏర్పాటు ఉన్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 31.2 నెలలు; మామూలు పద్ధతిలో 26 నెలలు. వాళ్లకు కొత్త మందేమీ ఇవ్వలేదు. వాళ్లు చెప్పింది ఎవరో వినేలా చేశారు.

మన ఆస్పత్రులకు ఇది అందని పని కాదు. తెలుగులో ఒక కాగితం: ఏ మాత్ర, ఎన్ని, ఏ రోజు మొదలు, ఏ రోజు ఆపాలి, తినకముందా తిన్నాకా, ఏ బాధకు ఆపాలి. కింద రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు. మొదటి సైకిల్‌లో వారానికోసారి నర్సు ఫోన్. చదవలేనివాళ్లకు వాట్సాప్‌లో గొంతు సందేశం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు మాత్ర ఖర్చుతోపాటు ఈ ఫోన్ పనికీ లెక్క కట్టాలి. ఆ కాగితం ఇవ్వకపోతే రోగి అడిగి రాయించుకోవాలి. నంబరు లేకుండా మాత్రల పొట్లంతో ఆస్పత్రి గేటు దాటకూడదు. ఇంట్లోవాళ్లు రోజూ వేయాల్సిన ప్రశ్న మాత్ర వేసుకున్నావా అన్నదొక్కటే కాదు, ఒంట్లో ఎలా ఉందన్నది కూడా. వచ్చిన జవాబును డాక్టరుకు చేరవేయడం మాత్ర మింగినంత ముఖ్యమైన చికిత్స.